అయ్యగారి ‘చాలు’, మా సీనాయి కొండ

మా సంఘంలో వాక్యం చదివే పని నాది. బడికి పోయి చదువుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు కానీ, మైకు లేకుండా వెనక వరస దాకా వినబడే గొంతు దేవుడు నాకే ఇచ్చాడు. అందుకు ఆయనకు స్తోత్రం. మా పద్ధతి ఇలా ఉండేది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ప్రసంగం మధ్యలో ఫలానా అధ్యాయం, ఫలానా వచనం అనేవారు. నేను లేచి, తలమీద కొంగు సర్దుకుని చదివేదాన్ని. తనకు కావలసినంత చదవగానే ఆయన చెయ్యెత్తి “చాలమ్మా” అనేవారు. నేను కూర్చునేదాన్ని. ఆయన ఆ మాట అనేదాకా ఆపకూడదు. అన్న తరువాత ఒక్క అక్షరం చదవకూడదు.

అయ్యగారి దైవజ్ఞానమంతా ఆ ‘చాలు’లోనే ఉండేది. భార్యలు భర్తలకు లోబడి ఉండాలన్న చోట “చాలమ్మా” అనేవారు. భర్తలు భార్యలను ప్రేమించాలన్న మాట ఆ వెనువెంటనే ఉంది. నా పదేళ్ళ చదువులో ఆ మాట సంఘం చెవిన పడలేదు. సంఘాన్ని నడిపే పెద్దలకు రెట్టింపు గౌరవం ఇవ్వాలన్న చోట మళ్ళీ “చాలమ్మా”. తప్పుచేసిన పెద్దను అందరి ముందు మందలించాలన్న మాట నాలుగు వరసల కిందే ఉంది పాపం, ఎప్పుడు పిలుస్తారా అని ఎదురుచూస్తూ.

మా పెద్దమ్మ, చనిపోయిన మా అమ్మకు అక్క, నా పక్కనే కూర్చునేది. ఆమెకు చదువు రాదు, నోరు మాత్రం వచ్చు.

“అయ్యగారి బైబిల్లో ఆడోళ్ళ పేజీలన్నీ బాగుండాయి మేయ్. మొగోళ్ళ పేజీలే చెదలు తినిండాయి,” అనేది నా చెవిలో.

నాకు చదువు నేర్పింది బడి కాదు, మా నాయన. అమ్మ పోయాక నన్ను ఇంట్లో ఒంటరిగా వదల్లేక గొర్రెలతోపాటు నన్నూ కొండకు తోలుకుపోయేవాడు. ఊరి పక్కనే ఉండే ఆ కొండ పేరు బోడికొండ. ఎవరో గుండ్లన్నీ మోసుకొచ్చి, సర్దకుండా మరిచిపోయి వెళ్ళినట్టుండేది. నాయన బొగ్గుముక్కతో నున్నటి బండమీద అక్షరాలు రాసేవాడు. నేను వాటిమీద వేలు తిప్పేదాన్ని. సాయంత్రానికి నా వేళ్ళు, ముక్కు నల్లబడేవి. బండ మీద అక్షరాలు అయిపోయాక బైబిలు చేతికిచ్చాడు. మా ఇంట్లో వేరే పుస్తకం లేదు కనుక ఏది ఎన్నుకోవాలన్న బాధ లేకుండా చేశాడు దేవుడు.

నాయనకు బైబిల్లో అందరికంటే మోషే ఇష్టం. దానికి సొంత కారణం ఉంది. నాయన మా అమ్మవాళ్ళింటికి ఇల్లరికం వచ్చినవాడు. మోషే కూడా అత్తగారింట చేరి మామ గొర్రెలు కాశాడు. వాటిని మేపుకుంటూ, గడ్డి వెతుక్కుంటూ అరణ్యానికి అవతల దాకా పోతే, ఆ పోయిన కొండ దేవుని కొండ అయింది. మండుతున్నా కాలిపోని పొద ఆయనకు అక్కడే కనిపించింది.

“మామ గొర్లు కాసినోడికే దేవుడు కనిపిచ్చినాడు పాపా,” అనేవాడు నాయన బండమీద ఒరిగి. “నేనూ కాస్తాండా. పొదలైతే ఎన్నో ఉండాయి. ఒక్కటీ మండల్యా.”

“మండితే గొర్లు ఏమి తింటాయి నాయనా?”

“అదీ నిజమే. మండకపోయిందే మంచిదైంది.”

రెండువేల సంవత్సరం దాటాక వానలు వరుసగా తప్పాయి. శనక్కాయ విత్తనం వేసినవాళ్ళకు విత్తనం కూడా తిరిగి రాలేదు. పొలాలు ఎర్రగా, ఖాళీగా పడి ఉండేవి. బోడికొండ మీద మాత్రం గుండ్ల సందుల్లో ఎండిన బోద గడ్డి ఉండేది. బండలోపల సహజంగా ఏర్పడిన గుంటలో, మేము దొన అంటాము, కాసిని నీళ్ళు నిలిచేవి. నాయన మంద ఆ గడ్డితోనూ, ఆ నీళ్ళతోనూ బతికింది. మంద బతికింది కాబట్టి మేము బతికాము. నేను దేవునికి కృతజ్ఞతలు చెప్పేటప్పుడు దొన పేరు విడిగా చెప్పేదాన్ని.

సరిగ్గా ఆ రోజుల్లోనే అయ్యగారు ఏదో సభలకని కోస్తా వైపు వెళ్ళివచ్చారు. వచ్చిన ఆదివారం ఆయన ముఖంలో మునుపు లేని వెలుగు ఉంది.

“అక్కడ ప్రతి సంఘానికీ ఒక కొండ ఉందండీ,” అన్నారు. ప్రసంగంలో ఆయన కోస్తా భాష మాట్లాడేవారు. కోపం వస్తే మాత్రం మా భాషకు దిగివచ్చేవారు. “ప్రార్థన కొండ. మెట్లు, రంగులు, పైన స్పీకర్లు. దేవుడు మనకు కొండ ఇవ్వలేదా? ఇచ్చాడు! మనం గుర్తించలేదు.”

కొండ ఉందన్న సంగతి మేము గుర్తించే ఉన్నాము. రోజూ అటే చూస్తూ ఉంటాము, మబ్బు ఎక్కడైనా ఆగిందేమోనని. అయినా ఆమేన్ అన్నాము.

పేరు పెట్టడానికి ఆరాధన అయ్యాక అందరూ కూర్చున్నారు. బైబిల్లో కొండలకు కొదవలేదు. దేవుడు మనిషితో ముఖ్యమైన మాట చెప్పాలనుకున్నప్పుడల్లా వాణ్ణి ఆయాసపడేలా పైకి ఎక్కించాడు. నోవహు ఓడ ఆగిన కొండ అరారాతు. అబ్రాహాము కొడుకును బలికి తీసుకుపోయిన కొండ మోరియా. దేవుని నగరం కట్టుకున్న కొండ సీయోను. ఇవన్నీ అయ్యగారు వివరించారు.

“సీయోను వద్దు,” అన్నాడొక పెద్దమనిషి. “ముదిగుబ్బ పక్క సంఘమోళ్ళు ఎప్పుడో పెట్టేసుకున్నారు. మళ్ళా మనమూ అదే పెడితే కాపీ కొట్టినట్టుంటాది.”

“ఒలీవల కొండ?”

“ఒలీవ చెట్లు యాడుండాయప్పా ఈడ? ఉండేదంతా తుమ్మ చెట్లు.”

ఆడవాళ్ళంతా కర్మెలు పెట్టమన్నారు. ఏలీయా ప్రార్థన చేస్తే మనిషి అరచెయ్యంత మబ్బు లేచి కుండపోత కురిసింది కర్మెలు కొండ దగ్గరే. అయ్యగారు తల అడ్డంగా ఊపారు.

“కర్మెలు కావాలంటే ముందు కొన్నేళ్ళు కరువుండాలమ్మా.”

“ఆ పని మనది అయిపోయింది కదయ్యా!” అంది పెద్దమ్మ. “మబ్బొక్కటే బాకీ.”

చివరకు సీనాయి అని ఖాయం చేశారు అయ్యగారు. దానికే హోరేబు అని ఇంకో పేరు. మోషే పొదను చూసిందీ అక్కడే, ఆజ్ఞల పలకలు అందుకుందీ అక్కడే. ఏలీయా ప్రాణభయంతో పారిపోయి గుహలో దాక్కుంటే, పెనుగాలి, భూకంపం, మంటలు అన్నీ అయ్యాక, చిన్న మెల్లని స్వరంతో దేవుడు పలకరించిందీ అక్కడే. మెల్లని స్వరం సంగతి చెప్పి, ఆ నోటితోనే కొండమీదికి నాలుగు స్పీకర్లు కావాలని చందా అడిగారు అయ్యగారు.

సీనాయి అయ్యాక దానికి మర్యాదలు మొదలయ్యాయి. పరిశుద్ధస్థలం కనుక మోషేలాగా చెప్పులు విప్పి ఎక్కాలన్నారు. ఆలోచన మంచిదే. కానీ మోషేకు దేవుడు ఏ నెలలో కనిపించాడో బైబిల్లో లేదు. మాకు కనిపించింది ఏప్రిల్ నెల. మొదటి ఉపవాస ప్రార్థన రోజు మధ్యాహ్నం ఆ బండలమీద సంఘమంతా ఒంటికాలి మీద నిలబడి కాళ్ళు మార్చుకుంటూ దేవుని స్తుతించింది. ఎప్పుడూ గంటల తరబడి సాగదీసి ప్రార్థించే పెద్దలు కూడా ఆ రోజు రెండే మాటల్లో ఆమేన్ చెప్పారు. అంత చురుకైన ప్రార్థన మా సంఘంలో అంతకు ముందు లేదు. అందుకు కూడా నేను కృతజ్ఞురాలినే.

అక్కడే ఆపద పుట్టింది. అయ్యగారు నీడ ఉన్న చోటు చూసుకుని మోకరించారు. కొండమీద నీడ ఉన్న చోటు ఏదో గొర్రెలకు ఆయనకంటే ముందే తెలుసు. లేచేసరికి ఆయన తెల్లటి ప్యాంటు రెండు మోకాళ్ళకూ నల్లగా పెంటికలు అంటుకుని ఉన్నాయి.

“ఏందప్పా ఇది! దేవుని కొండనుకున్నారా, గొర్ల దొడ్డి అనుకున్నారా?” అన్నారు మా భాషలో.

నాయన తల వంచుకున్నాడు.

తరువాతి ఆదివారం నన్ను నిర్గమకాండం పంతొమ్మిదో అధ్యాయం చదవమన్నారు. మోషే కొండచుట్టూ మేర ఏర్పరచాలనీ, ఎవరూ దాని అంచును కూడా ముట్టకూడదనీ, ముడితే మనిషైనా జంతువైనా బతకకూడదనీ ఉన్న చోటు. ‘జంతువైనా’ అన్న మాట దగ్గర అయ్యగారి చెయ్యి లేచింది.

“చాలమ్మా.”

నేను కూర్చున్నాను. నా గొంతుతోనే మా గొర్రెలకు కొండ మూతబడింది. ఆ సాయంత్రమే కుర్రకారు కొండచుట్టూ రాళ్ళు పేర్చి సున్నం కొట్టారు. తెల్లటి గీత చాలా అందంగా వచ్చింది. గొర్రెలకు మాత్రం చదువు రాదు. గీత దగ్గరికి పోయి, రోజూలాగే ఎక్కబోతుంటే నాయన కర్ర అడ్డం పెట్టి వెనక్కు తిప్పాడు. అవి ఆయన ముఖంలోకి చూశాయి. అంత వింతగా అవి ఆయన్ని ఎప్పుడూ చూసి ఉండవు.

రాత్రి అన్నం పెడుతూ అడిగాను. “నాయనా, ఆ వచనం ఆడికి అయిపోలేదు. ఇంకో మాట ఉండాది.”

“తెల్సు పాపా.”

“మరి అయ్యగారితో చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

“ఆయన చాలన్నాక చాలే. సంఘంలో నోరెత్తి గొర్లు మేపుకున్నానని పేరు వద్దు నాకు.”

“గొర్లు ఏమి తింటాయి?”

నాయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

గొర్రెలకు ఇక మిగిలింది రోడ్డు. తారురోడ్డు పక్కన తుమ్మచెట్ల కింద రాలిన కాయలు ఏరుకు తినేవి. లారీలు, బస్సులు వాటి మధ్యలోంచి పోయేవి. దొన నీళ్ళు ఇక అందవు కనుక నేను బిందెతో బోరింగు దగ్గర్నుంచి మోసుకొచ్చి పోసేదాన్ని. మొదట ముసలి గొర్రె ఒకటి పడిపోయింది. తరువాత ఒక పిల్లను లారీ తొక్కింది. నాయన దాన్ని కంబళిలో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆ రోజు ఆయన ఏమీ తినలేదు. మరుసటి రోజు కదిరి నుంచి గొర్రెలు కొనే సాయిబును పిలిపించాడు.

సాయిబు మాకు ఎప్పటి నుంచో తెలిసినవాడే. మందలో తిరిగి, ఒక్కొక్కదాని నడుము మీద చెయ్యి వేసి చూశాడు.

“ఏమన్నా, మందంతా ఇచ్చేస్తావా? కరువులోనే గదా గొర్రె మనిషిని బతికిచ్చేది?”

“మేపను చోటు లేదు సాయిబూ.”

“అంత కొండ పెట్టుకొని చోటు లేదంటావేమన్నా?”

“అది ఇప్పుడు సీనాయి. మోషే కొండ.”

సాయిబు మీసంలో నవ్వాడు. “మూసా నబీ మాకూ ఉండాడులే. ఆయనా గొర్లు కాసినోడే. ఇప్పుడు ఆయనే వచ్చినా మీ అయ్యగారు కొండ ఎక్కనీడన్నమాట, గొర్లతో వచ్చినాడని!”

నాయన నవ్వలేదు. సోమవారం బండి తెస్తానని చెప్పి సాయిబు వెళ్ళిపోయాడు. ఆ సోమవారానికి ముందు వచ్చే ఆదివారమే సీనాయి కొండ ప్రతిష్ఠ పండుగ.

పండుగకు పట్నం నుంచి పెద్ద ప్రసంగీకుణ్ణి పిలిచారు. సున్నపు గీతకు ఇవతల, రోడ్డుకు దగ్గరగా షామియానా వేశారు. చందాల స్పీకర్లు నాలుగూ వచ్చాయి. నాలుగు దిక్కులకూ కట్టారు, మెల్లని స్వరం ఎవరికీ తప్పిపోకుండా. నాయన మాత్రం ఆరాధనకు రాలేదు. ఉదయాన్నే గొర్రెల్ని రోడ్డుపక్కకు తోలుకున్నాడు. మైకు అక్కడికీ వినబడుతుందిలే అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నాయన మంద కోసం ఆదివారం మానడం నేను చూడలేదు. రేపటికి మంద ఉండదు కనుక, ఆ ఒక్కరోజు దానితోనే ఉండాలనుకున్నాడని నాకు అర్థమైంది.

అతిథి కారు ఇంకా రాలేదు. జనాన్ని కదలకుండా కూర్చోబెట్టాలని అయ్యగారు నన్ను మైకు దగ్గరికి పిలిచారు. “పంతొమ్మిదో అధ్యాయం మళ్ళీ చదవమ్మా. మేర ఎందుకు పెట్టామో అందరికీ తెలియాలి.”

చదవడం మొదలుపెట్టాను. ఇశ్రాయేలీయులు అరణ్యంలో కొండ ఎదుట దిగడం, దేవుడు వాళ్ళను గద్ద రెక్కలమీద మోసినట్టు మోసుకువచ్చానని చెప్పడం, జనం బట్టలు ఉతుక్కుని సిద్ధపడడం. మేర దగ్గరికి వచ్చేసరికి రోడ్డుమీద కారు తలుపు చప్పుడైంది. అయ్యగారు పూలదండ తీసుకుని అటు పరుగెత్తారు. వెనకే పెద్దలంతా పరుగెత్తారు.

నేను ‘జంతువైనా’ దగ్గరికి వచ్చాను. చాలనేవాళ్ళు లేరు. ఆయన అనేదాకా ఆపకూడదన్నది మా పద్ధతి. పద్ధతి తప్పడం నాకు చేతకాదు. నాలుగు స్పీకర్లలోనూ నా గొంతు ముందుకు సాగింది. బూర ధ్వని వినబడినప్పుడు మాత్రం వాళ్ళు కొండ దగ్గరికి రావాలని ఆ వచనం చివర ఉంది. సంఘం ఆ మాట వినడం అదే మొదటిసారి. పెద్దమ్మ ఒళ్ళు విరుచుకుని నిటారుగా కూర్చుంది.

అప్పుడే ముదిగుబ్బ బస్సు వచ్చింది. రోడ్డుమధ్యన నాయన గొర్రెలు, పక్కనే అడ్డదిడ్డంగా ఆపిన అతిథి కారు. బస్సుకు దారి లేదు. డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టాడు. తియ్యలేదు. కొండ గుండ్లకు తగిలి ఆ మోత రెండింతలై తిరిగివచ్చింది.

“ఊదినారప్పా బూర!” అని అరిచింది పెద్దమ్మ. “ఇంక పోనీయండి!”

షామియానా అంతా ఒక్కసారిగా నవ్వింది. హారన్‌కు బెదిరిన గొర్రెలు ఎవరి అనుమతీ అడగలేదు. చిన్నప్పటినుంచీ ఏ దారిన పోయేవో ఆ దారినే పట్టాయి. షామియానా పక్కనుంచి, సున్నపు రాళ్ళ మీదుగా దుమికి, గుండ్ల మధ్యకు ఎక్కిపోయాయి. వాటి వెనక కంబళి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని నాయన పరుగెత్తుకు వచ్చాడు. తెల్లగీత దగ్గర టక్కున ఆగాడు. కొండ వైపు చూశాడు, అయ్యగారి వైపు చూశాడు. ముందు చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. గీత మాత్రం దాటలేదు. అయ్యగారి మాట కోసం అలాగే నిలబడ్డాడు.

అయ్యగారి నోట మా భాష రాబోతోంది. పెదవులు కదిలాయి కూడా. అంతలో అతిథి మెడలో దండతో ఆగిపోయి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

“అయ్యగారూ! ఎంత అద్భుతమైన ఏర్పాటు చేశారండీ!” అన్నాడు. “మోషే, మంద, హోరేబు కొండ! బూర ధ్వనితో సహా! ఎన్నో ప్రార్థన కొండలు చూశాను, అన్నిటికీ రంగులే. గొర్రెల్ని నిలబెట్టిన సంఘం ఇదొక్కటే. ఆ పెద్దాయన చెప్పులు విప్పడం చూశారా? నేర్పించారా?”

అయ్యగారు ఒక్క క్షణం ఆలోచించారు. మా గొర్రెల బతుకంతా ఆ క్షణంలో ఉంది.

“కొద్దిగా నేర్పించామండీ,” అన్నారు అయ్యగారు. “మా సంఘ సభ్యుడే.” తరువాత నాయన వైపు తిరిగి, కోస్తా భాషా మా భాషా కలిసిపోయిన గొంతుతో, “ఏమప్పా, నిలబడ్డావేమి? పోవయ్యా, ఎక్కండి!” అన్నారు.

నాయన ఎక్కాడు. అతిథి తన ప్రసంగంలో మా అయ్యగారి దూరదృష్టిని పొగిడాడు. మనిషి గొప్ప కొండను వెతికినప్పుడు కాదు, తన రోజువారీ పని చేసుకుంటూ గడ్డి కోసం వచ్చినప్పుడే ఆ కొండ దేవుని కొండ అయిందని చెప్పాడు. చాలా మంచి ప్రసంగం. అయ్యగారు తలూపుతూ, ఆ మాటలన్నీ తాను ముందే అనుకున్నట్టు విన్నారు. నేను ఆయన్ని తప్పుపట్టను. దేవుడు మోషేనే ఎంతో బతిమాలి పనిలో పెట్టాడు. అయ్యగారిని పొగడ్తతో పెట్టుకున్నాడు. పని అయింది కదా.

పై ఏడాది కూడా వస్తానని అతిథి చెప్పిపోయాడు. దాంతో ఆ సాయంత్రమే అయ్యగారు మా ఇంటికి వచ్చి, మందకు కొండ అలవాటు తప్పకూడదనీ, రోజూ ఎక్కించాలనీ నాయనకు గట్టిగా ఆజ్ఞాపించారు. అంత సంతోషంగా విధేయత చూపిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

సోమవారం సాయిబు బండితో వచ్చాడు. తలుపు తీసి చూస్తే దొడ్డి ఖాళీ.

“యాడ పోయినాయి గొర్లు?”

“సీనాయికి పోయినాయి మామా,” అన్నాను.

ఆయన కొండవైపు చూసి, చెయ్యి నొసటికి ఆనించుకున్నాడు. “మూసా నబీ ఒప్పుకోలేదన్నమాట,” అని నవ్వి, మజ్జిగ తాగి బండి తిప్పుకున్నాడు.

వాన ఆ ఏడాది కూడా సరిగా పడలేదు. ఆ విషయంలో అబద్ధం చెప్పలేను. గొర్రెలు బక్కచిక్కాయి కానీ నిలిచాయి. నన్ను చదవమని పిలవడం అయ్యగారు మానలేదు. ఇంతకుముందుకంటే కొంచెం తొందరగా ‘చాలు’ అనడం మాత్రం మొదలుపెట్టారు.

పండుగ జరిగిన వారంలోనే ఒక సాయంత్రం నాయనకు సంగటి తీసుకుని కొండ ఎక్కాను. బండలు చల్లారుతున్నాయి. దొన దగ్గర గొర్రెలు మేస్తున్నాయి. చందాలు బాడుగకే సరిపోయాయి కనుక స్పీకర్లు తిరిగి వెళ్ళిపోయాయి. ఎండుగడ్డిని పళ్ళతో తెంచే చిన్న చప్పుడు తప్ప ఏమీ వినబడడం లేదు. నేను బొగ్గుతో అక్షరాలు దిద్దిన బండమీద నాయన పడుకుని ఉన్నాడు.

“ఆ పంతొమ్మిదో అధ్యాయం చదువు పాపా,” అన్నాడు.

మొదటి నుంచి చదివాను. మేర వచ్చింది, జంతువు వచ్చింది, బూర వచ్చింది. ఆగి చూశాను. నాయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. చాలనలేదు. మబ్బు దిగింది, కొండ కంపించింది, మోషే పైకి ఎక్కాడు. అధ్యాయం దాటి తరువాతి దానిలోకి పోయాను. వెలుతురు ఉన్నంతసేపూ చదివాను.